తల్లి కుంగుబాటు, మందు, పుట్టబోయే బిడ్డ

గర్భిణులలో నూటికి సుమారు 10 మందికి, అప్పుడే ప్రసవించినవాళ్లలో 13 మందికి ఏదో ఒక మానసిక అనారోగ్యం ఉంటుందని, అందులో ముఖ్యమైనది డిప్రెషనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వర్ధమాన దేశాలలో ఈ సంఖ్యలు సుమారు 16, 20. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో బాలింతల డిప్రెషన్ 22 శాతం దాకా తేలింది. తెలుగు ఇళ్లలో ఈ జబ్బు చాలాసార్లు వేరే పేర్లతో సాగిపోతుంది. నిద్ర పట్టకపోతే కడుపు బరువు అనుకుంటారు. అన్నం సహించకపోతే వేవిళ్లు అంటారు. ఊరికే కన్నీళ్లు వస్తుంటే దిష్టి తీస్తారు. ఇది జబ్బని గుర్తుపట్టి, డాక్టరు మాత్రలు రాసిన రోజున మరో భయం మొదలవుతుంది. ఈ మందు కడుపులో బిడ్డకు ఏం చేస్తుంది?

ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే తరగతి మందుల గురించి. మెదడులో ఒక నాడీకణం నుంచి మరో కణానికి కబురు మోసే రసాయనాలలో సెరటోనిన్ ఒకటి. కబురు అందించాక దాన్ని పంపిన కణమే తిరిగి పీల్చుకుంటుంది. ఆ పీల్చుకోవడాన్ని తగ్గించి, సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచేలా చేయడమే ఈ మందుల పని. ఫ్లూక్సెటీన్‌కు 1987 చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 1991లో సెర్ట్రలిన్, 1992లో పరాక్సెటీన్, తర్వాత సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ వచ్చాయి. అమెరికాలో ఇవి ప్రొజాక్, జోలాఫ్ట్, పాక్సిల్ వంటి పేర్లతో ఇంటింటికీ తెలిశాయి. ఇవే మందులు భారతదేశంలోనూ డాక్టరు చీటీ మీద దొరుకుతాయి.

ఇవన్నీ మావిని దాటి బిడ్డ రక్తంలోకి చేరతాయి. అందులో సందేహం లేదు. చేరిన మందు ఎంత హాని చేస్తుందన్న దగ్గరే శాస్త్రజ్ఞులు 20 ఏళ్లుగా లెక్కలు తిరగరాస్తున్నారు. అసలు పరీక్షలోనే ఒక చిక్కుంది. గర్భిణులను రెండు జట్లుగా విడదీసి ఒక జట్టుకు మందు, మరో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడటానికి నైతిక నియమాలు సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి ఆస్పత్రి రికార్డులు, బీమా బిల్లులు, జనన రిజిస్టర్లు పట్టుకుని వెనక్కి లెక్క కట్టాలి. అలా కట్టినప్పుడు మందు వాడిన తల్లులు, వాడని తల్లులు ఒకే రకం మనుషులు కారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో పొగతాగే అలవాటు, స్థూలకాయం, మధుమేహం, ఇతర మందుల వాడకం ఎక్కువగా కనిపిస్తాయి. బిడ్డకు వచ్చిన కష్టం మందు వల్లనా, జబ్బు వల్లనా, జబ్బుతో కలిసివచ్చిన మిగతావాటి వల్లనా అన్నది విడదీయడం తేలిక కాదు.

మొదటి హెచ్చరిక గుండెకు సంబంధించినది. గర్భం నిలిచిన మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపల బిడ్డ గుండె రూపు కడుతుంది. నెల తప్పిందని అనుమానం వచ్చి పరీక్ష చేయించుకునేసరికి ఆ పని అప్పటికే మొదలై ఉంటుంది. 2005 డిసెంబరులో ఎఫ్‌డీఏ పరాక్సెటీన్ మీద ప్రత్యేక హెచ్చరిక చేసింది. తొలి మూడు నెలల్లో ఈ మందు వాడిన తల్లుల బిడ్డల్లో గుండె లోపాలు స్వీడన్ రిజిస్టరు లెక్కలో నూటికి 1 నుంచి 2కు, అమెరికా బీమా లెక్కలో 1 నుంచి 1.5కు పెరిగినట్లు కనిపించాయని చెప్పింది. చాలా లోపాలు గుండె గదుల మధ్య గోడలో రంధ్రాలు. వాటిలో కొన్ని వాటంతటవే పూడుకుపోతాయి, కొన్నింటికి ఆపరేషను కావాలి. గర్భిణులకు మందుల ప్రమాదాన్ని అక్షరాలతో సూచించే పాత పట్టికలో పరాక్సెటీన్‌ను సి నుంచి డి కి దించారు.

ఇక్కడ ఒక మాట నిదానంగా చెప్పుకోవాలి. నూటికి ఒకటి రెండైతే ప్రమాదం రెట్టింపైందని రాయవచ్చు. నూరుగురిలో 98 మంది బిడ్డలకు గుండె లోపం రాలేదనీ రాయవచ్చు. రెండూ ఒకే లెక్కలోంచి వచ్చిన నిజాలు. పత్రికల శీర్షికలు మొదటిదాన్నే పట్టుకుంటాయి. మాత్ర చేతిలో పట్టుకుని కూర్చున్న గర్భిణికి రెండూ తెలియాలి.

2014లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇంతకంటే చాలా పెద్ద లెక్క వచ్చింది. అమెరికాలో పేదలకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ బీమాలోని 9,49,504 గర్భాలను పరిశీలించారు. తొలి మూడు నెలల్లో డిప్రెషన్ మందులు వాడిన తల్లుల బిడ్డల్లో ప్రతి 10,000 మందికి 90 మందికి గుండె లోపాలు, వాడని వాళ్లలో 72 మందికి. పైకి తేడా కనిపిస్తోంది. తల్లి జబ్బునూ మిగతా కారణాలనూ లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా దాదాపు కరిగిపోయింది. పరాక్సెటీన్ విషయంలోనూ ఈ అధ్యయనంలో చెప్పుకోదగ్గ పెరుగుదల తేలలేదు. అయినా గర్భం కోరుకునే స్త్రీకి కొత్తగా మందు మొదలుపెట్టాల్సి వస్తే చాలామంది డాక్టర్లు పరాక్సెటీన్‌ను పక్కనపెట్టి సెర్ట్రలిన్ వైపు మొగ్గుతారు. సమాన ఫలితమిచ్చే మరో మందు ఉన్నప్పుడు అది సబబైన జాగ్రత్తే.

రెండో హెచ్చరిక ఊపిరికి సంబంధించినది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ప్రాణవాయువు మావి నుంచి వస్తుంది. ఊపిరితిత్తులకు పనిలేదు, వాటి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. పుట్టిన వెంటనే తీసుకున్న మొదటి శ్వాసతో అవి విచ్చుకుని రక్తం ఊపిరితిత్తులలోకి పారాలి. కొందరు పసికందుల్లో అవి విచ్చుకోవు. బిడ్డ నీలంగా మారుతుంది. నవజాత శిశువుల ఐసీయూలో వెంటిలేటరు అవసరమవుతుంది, కొందరు దక్కరు. ఈ జబ్బు సాధారణంగా వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. గర్భం 20వ వారం దాటాక ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడిన తల్లుల బిడ్డల్లో ఇది ఆరు రెట్లు ఎక్కువని 2006 ఫిబ్రవరిలో ఒక అధ్యయనం వచ్చింది. ఆ జూలైలోనే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2011 డిసెంబరులో అదే సంస్థ తన మాట సవరించుకుని, ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, సంబంధం ఉందని తేల్చడం తొందరపాటు అవుతుందని ప్రకటించింది. 2015లో దాదాపు 38 లక్షల గర్భాల రికార్డులు చూసిన అధ్యయనంలో వాడని తల్లుల బిడ్డల్లో ప్రతి 10,000 మందికి సుమారు 21 మందికి, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడిన తల్లుల బిడ్డల్లో 31 లేదా 32 మందికి ఈ జబ్బు కనిపించింది. ఇతర కారణాలను సరిచేశాక మిగిలిన తేడా స్వల్పం. ఆరు రెట్ల మాట ఆ పరీక్షకు నిలవలేదు.

మూడోదాని గురించి భిన్నాభిప్రాయం లేదు. గర్భం చివరి నెలల్లో ఈ మందులు వాడిన తల్లుల పసిబిడ్డల్లో సుమారు 30 శాతం మందికి పుట్టిన మొదటి రోజుల్లో కొన్ని లక్షణాలు వస్తాయి. చేతులూ కాళ్లూ వణకడం, ఆపకుండా ఏడవడం, పాలు సరిగా తాగకపోవడం, ఊపిరి వేగంగా తీయడం, ఒళ్లు బిర్రబిగుసుకోవడం లేదా మెత్తబడిపోవడం. అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. బొడ్డుతాడు కోసిన క్షణాన మందు రాక ఆగిపోతుంది. ఆ మార్పుకు శరీరం అలవాటు పడటంలో వచ్చే ఇబ్బంది కొంత, ఒంట్లో మిగిలిన మందు ప్రభావం కొంత. ఎక్కువమందిలో కొద్ది రోజుల్లో, ఆలస్యమైతే రెండు వారాల్లో తగ్గిపోతుంది. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచడం, తరచుగా పాలు పట్టడం, గమనిస్తూ ఉండటమే చాలామందికి సరిపోయే చికిత్స. అయితే తల్లి ఏ మందు వాడుతోందో పిల్లల డాక్టరుకు తెలిసి ఉండాలి. కోడలు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తోందన్న సంగతి బయటికి పొక్కుతుందేమోనని కుటుంబం దాచిపెడితే, వణుకుతున్న పసికందుకు అవసరం లేని పరీక్షలూ సూదులూ మొదలవుతాయి. ఆ దాపరికానికి మూల్యం చెల్లించేది రెండు రోజుల బిడ్డ.

నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం కూడా కొంత ఎక్కువగా కనిపిస్తాయి. కానీ మందు లేని డిప్రెషన్‌లోనూ ఇవి కనిపిస్తాయి. ప్రసవానికి ముందు నెలలో ఈ మందులు వాడితే కాన్పు తర్వాత తల్లికి రక్తస్రావం స్వల్పంగా పెరగవచ్చని బ్రిటన్ నియంత్రణ సంస్థ 2021 జనవరిలో డాక్టర్లను అప్రమత్తం చేసింది. ఆటిజం గురించి 2015లో కెనడాలోని క్విబెక్ నుంచి ఒక భయపెట్టే లెక్క వచ్చింది. రెండేళ్లకే, ఒకే తల్లికి పుట్టిన బిడ్డలను పోల్చి చూసిన అధ్యయనాలు ఆ సంబంధాన్ని నిర్ధారించలేదు.

ఇక తక్కెడ రెండో పళ్లెం. మందు మానేస్తే ఏమవుతుంది? 2006లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం దీనికి సూటిగా జవాబిచ్చింది. అంతకుముందు తీవ్రమైన డిప్రెషన్ వచ్చి, మందుతో నెమ్మదించిన 201 మంది గర్భిణులను గమనించారు. మందు కొనసాగించినవాళ్లలో 26 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మానేసినవాళ్లలో 68 శాతం మందికి. జబ్బు తిరగబెట్టిన గర్భిణి తిండి మానేస్తుంది, ఐరన్ మాత్రలు మానేస్తుంది, నెలవారీ పరీక్షలకు వెళ్లదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన రావచ్చు. కాన్పైన ఆరు వారాల నుంచి ఏడాది లోపల మరణించే తల్లుల విషయంలో, ప్రసవంతో నేరుగా ముడిపడిన కారణాలలో మొదటిది ఆత్మహత్యేనని బ్రిటన్‌లో ఏటా జరిగే మాతృమరణాల సమీక్షలు చెబుతున్నాయి. మందు వద్దని ఇంట్లో పెద్దలు చెప్పే మాటలో బిడ్డ మీద ప్రేమే ఉంటుంది, కానీ ఈ లెక్క అందులో ఉండదు.

హఠాత్తుగా ఆపడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. తల తిరగడం, వాంతులు, ఒళ్లంతా షాక్ కొట్టినట్టుండటం, నిద్ర పట్టకపోవడం వంటివి మొదలవుతాయి. ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోయే పరాక్సెటీన్‌తో ఇవి ఎక్కువ, వారాల తరబడి నిలిచే ఫ్లూక్సెటీన్‌తో తక్కువ. పైగా నాలుగో నెలలో మందు ఆపినంత మాత్రాన గుండె తయారైన వారాలు వెనక్కి రావు. చివరి నెలల్లో తల్లి ఒంట్లో రక్తం పరిమాణం పెరిగి మందు పలచబడుతుంది కనుక కొందరికి మోతాదు కాస్త పెంచాల్సి వస్తుంది. తేలికపాటి డిప్రెషన్‌కు మాటలతో చేసే చికిత్స, కౌన్సెలింగ్ ముందుగా ప్రయత్నిస్తారు. తీవ్రమైనదానికి మందు. ఒకే మందు, పనిచేసేంత మోతాదు. కేవలం గర్భం వచ్చిందన్న కారణంతో మందు ఇవ్వకపోవడం, ఆపేయడం తగదని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. పాలిచ్చే తల్లుల విషయానికి వస్తే సెర్ట్రలిన్, పరాక్సెటీన్ పాలలోకి బాగా తక్కువగా చేరతాయి.

వాల్ప్రోయేట్‌ను మాత్రం వీటితో కలిపి చూడకూడదు. ఇది మూర్ఛకూ, బైపోలార్ జబ్బుకూ వాడే మందు. గర్భంలో వాడితే నూటికి సుమారు 10 మంది బిడ్డలకు అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. డిప్రెషన్ మాత్రలతో పాటు చీటీలో ఈ పేరు కూడా ఉంటే, గర్భం కోసం ప్రయత్నించేముందే డాక్టరుతో మాట్లాడి తీరాలి.

న్యాయస్థానాల కథ అమెరికాలో నడిచింది. 2005, 2006 హెచ్చరికల తర్వాత అక్కడి తల్లిదండ్రులు వందల సంఖ్యలో దావాలు వేశారు. మందు అమ్మడం తప్పని కాదు, ప్రమాదం తెలిసీ చెప్పలేదని. పాక్సిల్ (పరాక్సెటీన్) మీద పుట్టుకతో వచ్చే లోపాల కేసులలో మొదటి విచారణ ఫిలడెల్ఫియాలో జరిగింది. 2009 అక్టోబరులో జ్యూరీ, తయారీదారు గ్లాక్సోస్మిత్‌క్లైన్ డాక్టరును సరిగా హెచ్చరించలేదని తేల్చి, గుండె లోపాలతో పుట్టిన మూడేళ్ల బాబు కుటుంబానికి 25 లక్షల డాలర్లు ఇవ్వమంది. తర్వాతి ఏడాది ఆ కంపెనీ సుమారు 800 కేసులను వంద కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి రాజీ చేసుకుందని వార్తలు వచ్చాయి.

జోలాఫ్ట్ (సెర్ట్రలిన్) కేసులకు పూర్తిగా వేరే గతి పట్టింది. దాని తయారీదారు ఫైజర్. ఒకే తరహా దావాలన్నిటినీ విచారణకు ముందటి దశలో ఒక్క జడ్జి దగ్గరికి చేర్చే పద్ధతి అమెరికాలో ఉంది. 2012లో ఆ కేసులు ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ జడ్జి సింథియా రూఫ్ ముందుకు చేరాయి. బాధితుల తరఫు నిపుణురాలు తనకు అనుకూలమైన అధ్యయనాలను మాత్రమే ఏరుకున్నారని 2014లో జడ్జి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చారు. 2015 డిసెంబరులో రెండో నిపుణుడి సాక్ష్యమూ నిలవలేదు. 2016 ఏప్రిల్‌లో 300కు పైగా కేసులను ఒక్కసారిగా కొట్టివేశారు. 2017 జూన్‌లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. జ్యూరీ ముందుకు వెళ్లిన రెండు కేసుల్లోనూ, 2015లో సెయింట్ లూయిస్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ, ఫైజరే గెలిచింది.

నిపుణుల సాక్ష్యాన్ని జల్లెడ పట్టే ఈ నియమం 1993లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన డాబర్ట్ తీర్పు నుంచి వచ్చింది. ఆ కేసు కూడా గర్భిణుల మందు మీదే. వేవిళ్లకు వాడే బెండెక్టిన్ వల్ల అవయవ లోపాలు వస్తాయన్న దావాల ఒత్తిడికి తయారీదారు 1983లోనే దాన్ని అమెరికా మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నాడు. మందు వల్ల హాని జరిగిందని శాస్త్రం తేల్చలేకపోయింది. అవే రెండు దినుసులున్న మాత్ర 2013లో ఎఫ్‌డీఏ అనుమతితో మళ్లీ వచ్చింది. ఆ 30 ఏళ్లూ అక్కడి గర్భిణులు ఒక మంచి మందుకు దూరమయ్యారు. భారతదేశంలో డాక్సిలమిన్, పిరిడాక్సిన్ కలిపిన ఆ మాత్రలను వేవిళ్లకు గైనకాలజిస్టులు ఇప్పటికీ మామూలుగానే రాస్తారు.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు అక్కడి చట్టంలో కొన్ని అంశాలు నేరుగా పనికొస్తాయి. మందు గురించి హెచ్చరించాల్సిన బాధ్యత కంపెనీకి డాక్టరు పట్ల ఉంటుంది, డాక్టరుకు రోగి పట్ల. కంపెనీ డాక్టరుకు సరిగా చెప్పి ఉంటే అక్కడితో దాని బాధ్యత చాలావరకు తీరుతుంది. అందువల్ల 2005 డిసెంబరు తర్వాత పరాక్సెటీన్ వాడినవాళ్లకు కేసు కష్టమైంది, హెచ్చరిక లేబుల్ మీదే ఉంది కనుక. బ్రాండు పేరు లేని జెనరిక్ మాత్ర వాడి ఉంటే, 2011లో సుప్రీంకోర్టు మెన్సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం హెచ్చరించలేదన్న దావా దాని తయారీదారు మీద దాదాపు చెల్లదు. బిడ్డ తరఫున వేసే దావాకు చాలా రాష్ట్రాలలో గడువు మైనారిటీ తీరాకే మొదలవుతుంది, తల్లిదండ్రుల సొంత దావాకు అంత సమయం ఉండదు. టీవీలో లాయర్ల ప్రకటన చూసి మందు మానేయడం మాత్రం ఏ చట్టమూ సరిదిద్దలేని నష్టం తెస్తుంది.

భారతదేశంలో దారి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయాన్ని కొత్తగా చేర్చింది. లోపభూయిష్టంగా తయారుచేసినా, సరైన సూచనలూ హెచ్చరికలూ ఇవ్వకపోయినా తయారీదారు నష్టపరిహారం ఇవ్వాలి. అయితే నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువు గురించి ఆ నిపుణులకు తగినట్టుగా హెచ్చరిక అందజేసి ఉంటే హెచ్చరించలేదన్న బాధ్యత తయారీదారుకు ఉండదని 87వ సెక్షను చెబుతుంది. అంటే అమెరికా కోర్టులు తీర్పుల ద్వారా పెంచుకొచ్చిన సూత్రమే ఇక్కడ చట్టంలో అక్షరాలా ఉంది. డాక్టరు నిర్లక్ష్యం మీద కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చునని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంతా కేసులో తేల్చింది. అందరికీ ఉచితంగానే వైద్యం చేసే ఆస్పత్రులు ఆ తీర్పు పరిధిలోకి రావు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం అతి తీవ్రంగా ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది.

నిజానికి బిడ్డ పుట్టాక వేసే దావా కన్నా మాత్ర మింగేముందు అడిగే ప్రశ్నకు విలువ ఎక్కువ, ఆ హక్కు కూడా చట్టంలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షను ప్రకారం జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో, దానివల్ల తెలిసిన దుష్ప్రభావాలేమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. తెలుగే తెలిసిన గర్భిణికి తెలుగులోనే చెప్పాలి. తన వైద్య రికార్డులు చూసే హక్కును 25వ సెక్షను ఇచ్చింది. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య వృత్తి నిబంధనలూ చెబుతున్నాయి. ఆస్పత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా వేరు చేయరాదని 21వ సెక్షను అంటుంది. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉంటే తప్ప. తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డును బెంగళూరులోని నిమ్హాన్స్ 2009లో ప్రారంభించింది.

మందు వల్ల తల్లికో బిడ్డకో చెడు జరిగిందన్న అనుమానం వస్తే, కేసు వేసినా వేయకపోయినా, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఔషధ నిఘా కార్యక్రమానికి రోగులే నేరుగా తెలపవచ్చు. 1800 180 3024 నంబరుకు ఫోను చేయడం ఉచితం. పరిహారం దీనితో రాదు. ఏ మందు, ఎంత మోతాదు, గర్భం ఎన్నో వారంలో మొదలైంది, ఎప్పుడు ఆపారు, బిడ్డ బరువెంత, పుట్టాక ఏ లక్షణం ఎన్ని గంటలకు కనిపించింది అన్న వివరాలు రాసి పెట్టుకుని ఉంటే ఆ నివేదిక పనికొస్తుంది. మనసు బాగాలేని గర్భిణికి, బాలింతకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు టెలిమానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు.